పురిటికొచ్చిన తాబేలు

తాబేలు మొగుణ్ణి పట్టుకుని నడివీధిలో తిట్టిన మనిషి దివిసీమ మొత్తానికి గంగన్న ఒక్కడే. అదీ ఊరికే తిట్టలేదు. “కట్టుకున్న పెళ్ళాన్ని ఈ స్థితిలో ఒంటరిగా పంపుతాడా, వాడూ ఒక మగాడేనా?” అని అడిగి, పదిమంది చేతా అవునవుననిపించి మరీ తిట్టాడు.

ఇదంతా అటవీ శాఖ వాళ్ళు అతని నెత్తిన ఖాకీ టోపీ పెట్టిన ఏడాది, అంటే రెండువేల మూడులో మొదలైంది. నాగాయలంక దాటి కరకట్ట వెంట చివరిదాకా పోతే వచ్చే పల్లెపాలెం అతనిది. చేపల వేటకు వెళ్ళి వెళ్ళి నడుం పట్టేసిన గంగన్నను తాబేళ్ళ కాపలాకు పెట్టుకున్నారు. చలికాలం వెళ్ళే రోజుల్లో ఆడ తాబేళ్ళు ఒడ్డెక్కి, ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి. నక్కలూ కుక్కలూ మనుషులూ వాటి జోలికి పోకుండా చూడటం అతని పని. బందరు నుంచి గోవర్ధనరావు గారనే ఆఫీసరు వచ్చి పాలెం జనాన్ని కూర్చోబెట్టి చెప్పాడు. వెలుతురు పడినా, అలికిడైనా తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోతుందట. అంతకన్నా వింత, ఎన్ని సముద్రాలు తిరిగినా తాను పుట్టిన ఒడ్డుకే వచ్చి గుడ్లు పెడుతుందట.

“అంటే పురిటికి పుట్టింటికొచ్చినట్టే గదండీ” అంది వెనక నుంచి గంగన్న భార్య మహాలక్ష్మమ్మ.

“అచ్చం అంతేనమ్మా” అన్నాడు ఆఫీసరు, ఎంత పని చేశాడో తెలియక.

ఆ మాట గంగన్న బుర్రలో దిగబడిపోయింది. పుట్టిల్లంటే ఊరికేనా? మర్యాదలుండవూ? మర్నాడే ఒడ్డున గుంజలు పాతి వేపమండలు కట్టాడు. చుట్టుపక్కల ఎండుమిరపకాయలు వేయించకూడదన్నాడు, ఆ ఘాటుకు పురిటి మనిషికి దగ్గొస్తుందని. మగవాళ్ళెవరైనా అటు వస్తే వీపు తిప్పి నిలబడాలన్నాడు. తాబేళ్ళను చూద్దామని గుడివాడ నుంచి కారు వేసుకుని వచ్చిన పూర్ణచంద్రరావు అనే రైసుమిల్లు ఆసామి, అలా సముద్రానికి వీపుపెట్టి తెల్లారేదాకా సరుగుడు తోటను చూసి, “చాలా బాగుందండీ” అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. తాబేలు వెళ్ళిపోయాక ఆ ఇసుక పక్కన పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క పెట్టి వచ్చేవాడు గంగన్న.

ఇంత జరిగినా పాలెంలో ఎవరూ పైకి నవ్వలేదు. నవ్వితే అతని కూతురు దుర్గాదేవి సంగతి ఎత్తాల్సి వస్తుంది. రెండేళ్ళ కిందట ఆ పిల్ల చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు మెరుగు పెట్టే కుర్రాణ్ణి ఇష్టపడి చేసుకుంది. “నా గడప తొక్కావంటే సముద్రంలో దూకుతా” అన్నాడు గంగన్న. ఇప్పుడా పిల్లకు నెలలు నిండాయి. అక్కడ అత్తగారు లేదు, పురుడు పోసే దిక్కు లేదు. తొలి కాన్పుకు తీసుకొద్దామని మహాలక్ష్మమ్మ నోరు తెరిస్తే చాలు, గంగన్న టార్చిలైటు పట్టుకుని ఒడ్డుకు వెళ్ళిపోయేవాడు. అక్కడ కూర్చునీ, తెల్లారాక వీధిలో పదిమంది ముందూ తాబేలు మొగుణ్ణి తిట్టేవాడు. కూతురి మీద బెంగతో అతనికి అన్నం సయించడం మానేసింది, కానీ ఆ మాట చచ్చినా ఒప్పుకోడు.

అదే పాలెంలో ఉండే యలమంద కొడుకు పెళ్ళి ఆ రోజుల్లోనే వచ్చింది. ఊరేగింపు ఒడ్డు పక్క బాట మీదుగా వెళ్ళాలి. గంగన్న చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

“బ్యాండు లేకుండా పెళ్ళేంటి బావా?” అని మొత్తుకున్నాడు యలమంద.

“అక్కడ ఆడకూతురు నొప్పులు పడతా ఉంటే నీకు బాజాలు కావాల్సొచ్చాయా?”

చివరికి రాజీ కుదిరింది. లైట్లు తీసేసి, సన్నాయివాళ్ళు ఊదకుండా వేళ్ళు మాత్రం ఆడిస్తూ నడిచారు. డోలువాడు డోలుకు తగలకుండా గాల్లో కొట్టాడు. పెళ్ళికొడుకు స్నేహితులు చప్పుడు లేకుండా చెమటలు పట్టేలా డాన్సు చేశారు. తాబేలున్న చోటు దాటాక లైట్లు మళ్ళీ వెలిగాయి. సన్నాయివాడు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

అప్పుడు కరకట్ట మీద ఒక ఆటో ఆగింది. దుర్గాదేవి దిగింది, ఒక చేయి నడుం మీద, ఇంకో చేతిలో సంచి. మహాలక్ష్మమ్మ కబురు పంపిందని గంగన్నకు తప్ప ఊరందరికీ తెలుసు. అల్లుడు మాత్రం భయపడి ఆటోలోనే ఉండిపోయాడు. కట్ట దిగి, ఇసుకలో ఆయాసపడుతూ మెల్లగా వస్తున్న పిల్ల, ఆ జనాన్నీ లైట్లనూ వాటి మధ్య తండ్రినీ చూసి ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

గంగన్న అది చూశాడు. రెండేళ్ళుగా దాచుకున్న కోపం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. నెత్తి మీద టోపీ సర్దుకుని, జనం వైపు తిరిగి రెండు చేతులూ ఊపాడు.

“లైట్లు ఆర్పండెహె! ఎవరూ నోరెత్తకండి. వెనక్కి వెళ్ళిపోద్ది” అన్నాడు గుసగుసగా.

లైట్లన్నీ ఆరిపోయాయి. మగవాళ్ళందరూ, పెళ్ళికొడుకుతో సహా, ఎవరూ చెప్పకుండానే వీపులు తిప్పి నిలబడ్డారు. చీకట్లో ఇసుక మీద అడుగుల చప్పుడు మళ్ళీ ఇటువైపే రావడం అందరికీ వినిపించింది.