లచ్చవ్వ తెచ్చిన ఫొటోలో ఎడమ కన్ను

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఆటపట్టించడంలో మా ఇంట్లో నాదే పైచేయి. అలాంటివి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

తొంభైల నడుమ సూరత్‌లో, రింగ్ రోడ్ వెనకున్న చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. చీర డిజైన్‌ను స్కాన్ చేసి, పూర్తి నలుపు తెలుపుల్లోకి తెచ్చి, మగ్గం మీద డిజైన్‌ను నడిపించే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టే మెషిన్ చదవగలిగే ఫార్మాట్‌లోకి మార్చడం నా పని. నల్ల చుక్క ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, తెల్లగా ఉన్నచోట లేవదు.

ఈ మార్పిడిలో ఒక తిరకాసుంది. ఒక ఫార్మాట్‌లోని నలుపు ఇంకోదాంట్లో తెలుపైపోతుంది. పైగా మా దగ్గర బట్ట బోర్లా నేస్తారు కాబట్టి బొమ్మను కుడి ఎడమలు తిప్పాలి. ఏదో ఒకటి మరిచిపోయి తిట్లు తినని డిజైనర్ సూరత్‌లో లేడు.

లచ్చవ్వ సూరత్ శివారులోని ఉన్ అనే చోట ఉండేది. అమ్మ వాళ్ల పక్క ఊరామె. భర్త పవర్‌లూమ్‌లు నడిపేవాడు, చనిపోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఆయన ముఖాన్ని బట్టలో నేసి ఇస్తామని తోటి కార్మికులు మాటిచ్చారు. నేతగాడికి వాళ్లిచ్చే మర్యాద అది.

"జర పైలం బిడ్డా. ఆయన మొకం మల్ల చూడాలంటె నాకు గిదొక్కటే ఉన్నది" అంటూ కొంగుముడి విప్పి, బొటనవేలంత ఫొటో ఇచ్చింది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కూడా చూడలేదు.

స్కాన్ బాగా వచ్చింది. కోరమీసం, రెండు కళ్లూ చక్కగా ఉన్నాయి. మెషిన్ ఫార్మాట్‌లోకి మార్చి చూస్తే ఆయన ఎడమ కన్ను లేదు. ఆ చోట ఖాళీ. స్కాన్ ఫైల్ తెరిస్తే కన్ను ఉంది. మళ్లీ మార్చాను. మళ్లీ లేదు.

సాఫ్ట్‌వేర్ ఆ చోటును చెడగొడుతోందనుకున్నాను. అదే నిజమైతే, ముఖాన్ని కుడి ఎడమలు తిప్పి మార్చినప్పుడు ఖాళీ ఉన్నచోటే ఉండి, కుడి కన్ను పోవాలి. పోలేదు. ఖాళీయే అటుపక్కకు వెళ్లి మళ్లీ ఎడమ కన్నునే మింగింది. చుక్కా చుక్కా పెట్టి కన్ను గీశాను. సేవ్ చేసి తెరిస్తే అది కూడా లేదు. రెండో కంప్యూటర్ మీదా అంతే. మా ఆఫీసు యజమాని సేఠ్ వచ్చి చూసి, సాఫ్ట్‌వేర్ పాతదన్నాడు. అదే సాఫ్ట్‌వేర్‌లో ఆ పొద్దున ఒక చీర అంచులోని నెమళ్లన్నీ కళ్లతో సహా క్షేమంగా మారాయి.

మధ్యాహ్నం లచ్చవ్వ వచ్చింది. ఉన్న ఒక్క ముఖాన్నీ పాడుచేశానని ఏడుస్తుందేమోనని నాకు భయమేసింది. స్క్రీన్ చూపించాను.

చాలాసేపు చూసింది. "నీకెవలు చెప్పిండ్రు?" అంది.

ఎవరు ఏం చెప్పడమో నాకు అర్థం కాలేదు.

"గీ ఫొటో ఆయన పోరగానిగ ఉన్నప్పటిది. మా లగ్గం కాకముందే సాంచ మీదికెల్లి నాడె ఎగిరొచ్చి ఎడమ కన్ను పోయింది. ఉన్న ఫొటో గిదొక్కటే, బట్టలనన్న రెండు కండ్లతోని ఉంటడనుకున్న."

సాంచ అంటే పవర్‌లూమ్, నాడె అంటే అందులో అటూ ఇటూ ఉరికే షటిల్. అట్టల మీద చిల్లులు చేత్తో సరిచేయించి అయినా కన్ను తెప్పిస్తానన్నాను.

"ఉండనియ్యి బిడ్డా. రెండు కండ్లాయన నాకెరుక లేడు. నేను కాపురం చేసింది గీయనతోనే" అని, స్క్రీన్ మీది ఆ ఖాళీని కొంగుతో మెల్లగా తుడిచింది. అప్పుడు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

అలాగే నేశారు. సంవత్సరీకం నాడు ఆ బట్టకే దండ వేశారు.

తర్వాత ఆ స్కాన్‌ను అదే కంప్యూటర్‌లో, అదే ఫార్మాట్‌లోకి ఎన్నోసార్లు మార్చి చూశాను. ప్రతిసారీ రెండు కళ్లూ వచ్చాయి. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు కళ్లతో నావైపు చూసే ఆ మనిషి మాత్రం, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడిలా అనిపించేవాడు.