గంప కింద అడుగు

తొంభైలల్ల ఆదిలాబాద్ అడవుల్ల పులి అడుగులకు అచ్చులు తీసే పని చేసిన. మాది సుల్తానాబాద్. అప్పటిదాకా పులిని క్యాలెండర్ మీదనే చూసిన.

ఒక గూడెంల భీంబాయి అనే గోండు ముసలామె దూడను పులి తిన్నదంటే ఉరికిన. పగతోని మిగిలిన మాంసానికి ఎండ్రిన్ మందు పూసి పులిని సంపుతరేమోనని నా పరేషాన్.

ఆమె బాట మీద బోర్లించిన గంప చూపింది.

"కోళ్లెందుకవ్వా ఇప్పుడు?" అన్న.

ఆమె పడిపడి నవ్వింది. "కోళ్లు కాదు బిడ్డా, పులి అడుగు. నువ్వొస్తవని, పసులు తొక్కకుంట మూసిన."

"దూడను తిన్నదాని మీద కోపం లేదా?"

ఆమె పక్కనున్న చిన్న బుట్ట లేపింది. దాని కింద నా అరచేతిల సగం లేని బుజ్జి అడుగు.

"పిల్లల తల్లి. ఉత్త చేతుల్తోని ఇంటికెట్ల పోతది?"