జాకీ మీద వినాయకుడు, చుట్టూ పొగమంచు

మా అత్తయ్య విజిట్ వీసా మీద ఎమిరేట్స్‌లో మేముండే బనియాస్ వచ్చింది. మాల్స్ చూపించాం, ఆకాశాన్నంటే భవనాలు చూపించాం. ఆవిడ దేనికీ మెడ ఎత్తలేదు. "ఇవన్నీ సరేగానీ అమ్మాయ్, ఇక్కడ సముద్రం ఉందన్నారు, అదెక్కడే?" అని రోజూ ఒకటే పోరు. రాజోలు పక్కన పుట్టి పెరిగిన మనిషి, ఉప్పు గాలి తగలకపోతే అన్నం సయించదు. నగరంలో సముద్రపు ఒడ్డున కట్టిన కార్నిష్‌కి తీసుకెళ్తే కాసేపు చూసి, "దీనికి గట్టు కట్టేశారుగా, ఇది చెరువు" అని తేల్చేసింది. మా ఆయన సత్తిబాబుకి పౌరుషం పొడుచుకొచ్చింది. గట్టు లేని సముద్రం చూపిస్తానని ట్రైలర్ బయటికి తీశాడు. ఈ ప్రయాణం అలా మొదలైంది.

ఆ ట్రైలర్ గురించి కూడా చెప్పాలి. కోవిడ్ తర్వాత దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక స్కూలు మాస్టారి దగ్గర కొన్నాం. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు అది, మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉంటాయి. దాని ముందు భాగాన్ని పైకి లేపడానికి, దించడానికి ఒక ఎలక్ట్రిక్ జాకీ ఉంది. ఒక బటన్ నొక్కితే ఇనుప కాలు నేలకి దిగుతుంది, ఇంకోటి నొక్కితే ముడుచుకుంటుంది. జాకీ నెత్తి బల్లపరుపుగా, పీట వేసి ఉంచినట్టు ఉంటుంది. అత్తయ్య కన్ను సరిగ్గా దాని మీదే పడింది. పార్కింగులో నిమ్మకాయలు తొక్కించి, కర్పూరం వెలిగించి, అయినవిల్లి నుంచి తెచ్చుకున్న అరచేతంత నల్లరాతి వినాయకుణ్ణి అక్కడ గట్టి జిగురుతో అంటించేసింది. పోయిన ఏడాది టైరు పేలి కారు బోల్తా పడి, మా ఆయన భుజం విరగ్గొట్టుకుని బతికి బయటపడ్డాడు. అప్పటినుంచి కొడుకు స్టీరింగు పట్టుకున్నాడంటే ఆవిడకి ప్రాణం ప్రాణంలో ఉండదు. "ఆయన ముందుంటే నీకేం కాదురా సత్తీ. ఆయన్ని కదిపారో, నేను ఊరుకోను" అంది. కదపాల్సిన అవసరం ఏమొస్తుందిలే అనుకున్నాం.

శనివారం భోజనాలయ్యాక బయలుదేరాం. వెనక బండి ఉన్నప్పుడు నగరంలోంచి వెళ్లడం తలనొప్పి. అందుకని ఎమిరేట్స్ రోడ్డు పట్టుకున్నాం, దారిలో లారీలు ఎక్కువగానీ టోల్ గేట్లు తగలవు. సజ్జా దగ్గర ఆగి తలా ఒక చిక్కటి కరక్ టీ తాగాం. రాస్ అల్ ఖైమా ఇంకా అరగంట ఉందనగా ఎడమకి తిరిగితే కొంతదూరం తారు రోడ్డు, ఆ తర్వాత తెల్లటి ఉప్పునేల. రానూపోనూ పెట్రోలుకి నూట యాభై దిర్హాముల దాకా అవుతుంది. ఆ ఉప్పునేలని ఇక్కడ సబ్ఖా అంటారు. పైన గచ్చులాగా గట్టిగా ఉంటుంది, కింద ఏముందో పైకి తెలియదు. తారు రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్లి ఆగాం. అత్తయ్య రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, కర్ర పట్టుకుని గది దాటడమే గొప్ప. సముద్రానికి వీలైనంత దగ్గరగా ఆపమని నేనే పట్టుబట్టాను.

ఒక్క రాత్రే కదా అని కారుని విప్పలేదు. జాకీ కాలు మాత్రం కిందికి దించి, బరువు దాని మీద ఆనేలా ఆపాం. సూర్యుడు దిగుతుండగా సముద్రం వైపునుంచి పొగమంచు వచ్చింది. అత్తయ్య కుర్చీలో కూర్చుని చూస్తుండగానే ముందు సముద్రం పోయింది, తర్వాత మా కారు ముందు భాగం పోయింది. ఇక అప్పుడు వినపడింది. కరక్, కరక్ అని ఉప్పు పొర విరుగుతున్న చప్పుడు. ఎవరో మా చుట్టూ నడుస్తున్నారు. మేం మాట ఆపితే అదీ ఆగుతోంది, మాట మొదలుపెడితే మళ్లీ మొదలవుతోంది. "ఎవరది?" అని మా ఆయన అరిచాడు. ముగ్గురం లోపలికి దూరి గడియ పెట్టుకున్నాం. భయానికి లోపలి లైట్లు, బయటి లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ పెట్టేసి, అలాగే పడుకున్నాం. ఆ భయమే మా బ్యాటరీని తినేసింది.

తెల్లవారి లేచేసరికి లైట్లు ఆరిపోయి ఉన్నాయి. తలుపు తీస్తే ఎటు చూసినా తెలుపు. నా చెయ్యి చాపితే వేళ్లు మసకగా ఉన్నాయి. బండి చుట్టూ ఉప్పులో గుండ్రటి అడుగులు, ఒక్కొక్కటి పళ్లెమంత. ప్రతి నాలుగింట్లో ఒకటి పక్కకి తిరిగి ఉంది. "ఇక్కడ ఒక్క క్షణం ఉండొద్దు, పదండి" అన్నాను. మా ఆయన వెళ్లి జాకీ బటన్ నొక్కాడు. మనిషి మూలిగినట్టు ఒక్క మూలుగు వచ్చింది. మళ్లీ నొక్కితే అదీ లేదు.

ఆ కాలు నేలలో దిగబడి ఉన్నంతసేపు కారు కదలదు, బలవంతంగా లాగితే కాలు వంగి మొత్తం ఇరుక్కుపోతుంది. జాకీతో ముందు భాగం లేపితేగానీ కారు విడిపోదు. కారు బ్యాటరీనుంచి కరెంటు ఇద్దామంటే అది కారు ముక్కులో ఉంది, ట్రైలర్ బ్యాటరీ కారు తోక వెనక ఉంది, మా కేబుల్ సగం దూరం కూడా రాలేదు. కారు బ్యాటరీ ఊడదీసి తెద్దామంటే ఆ నట్టుకి సరిపడే స్పానరు ఇంట్లో ఉంది. ఇరుక్కున్న బళ్లు లాగే రికవరీ బండివాడికి ఫోన్ చేస్తే, "సబ్ఖా మే గాడీ నహీ ఉతారూంగా భాయ్, కోహ్రా జానే దో" అన్నాడు, ఉప్పునేలలోకి బండి దించడట, మంచు పోయేదాకా ఆగాలట. అంతలో సిగ్నల్ పోయింది. ఆఖరికి కాలు కింద తవ్వి చూద్దామని మా ఆయన పార తీశాడు. రెండు పారలు తీయగానే గుంటలో నీళ్లు ఊరాయి. అత్తయ్య గుమ్మంలో కూర్చుని గాలి పీల్చింది. "ఒరేయ్, ఇవాళ అమావాస్య కదూ? పోటు ఎక్కుతోందిరా" అంది. సముద్రం పక్కన పుట్టినవాళ్లం ముగ్గురం, ఒక్కరికైనా బయలుదేరేముందు తిథి గుర్తుకు రాలేదు.

అప్పుడే ఆ తెలుపులోంచి ఒక గొంతు వినపడింది. "గంగా... ఓ గంగా... రా బిడ్డా..." అచ్చ తెలుగు. సముద్రం వైపునుంచి వస్తోంది. ఆ గొంతు దగ్గరై, దూరమై, మళ్లీ దగ్గరై, చివరికి తలకి కండువా చుట్టుకున్న ఒక మనిషిగా మా ముందు నిలబడింది. పాదాలు తడిగా ఉన్నాయి. పేరు రాజన్నట, జగిత్యాల దిక్కు, ఇక్కడ ఒంటెల కొట్టంలో పని. గంగ ఆయన ఒంటె. "రాత్రి గీడికి వచ్చింది సూడున్రి" అంటూ వంగి ఆ పక్కకి తిరిగిన అడుగుని అరచేత్తో తడిమాడు. "గిది మా గంగదే. దాని ముంగటి కాలు జర వంకర." తర్వాత మావైపు చూశాడు. "మీరేంది గీడున్నరు? అమాసకు నీళ్లు గీ బండి దాంక వస్తయి. యల్లా, ఎల్లున్రి."

"మా అత్తయ్య నడవలేదు రాజన్నా" అన్నాను. మా ఆయనకి మెరుపులా గుర్తొచ్చింది. సీటు కిందనుంచి ఒక వంకర ఇనుప కడ్డీ లాగాడు. "మాస్టారు చెప్పాడే! కరెంటు లేకపోయినా పర్లేదట. జాకీ నెత్తిమీద రబ్బరు మూత తీసి, కన్నంలో ఇది పెట్టి తిప్పితే కాలు ముడుచుకుంటుందట."

"ఇంకేం, తియ్యండి మూత!" అన్నాను.

ఆయన జాకీ వైపు చూశాడు. నేనూ చూశాను. మూత మీద వినాయకుడు కూర్చుని ఉన్నాడు.

"వీల్లేదు" అంది అత్తయ్య. ఆవిడ గొంతు అంత గట్టిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "మీరిద్దరూ నడిచి పొండి. రోడ్డు మీంచి మనుషుల్ని తీసుకురండి. నేనిక్కడే కూర్చుంటా. ఆయన్ని పీకేసిన బండిని నా కొడుకు నడపడానికి వీల్లేదు."

"అవ్వా, గీ మంచుల పోయినోల్లు మళ్ల గీడికే వస్తరని ఏం గ్యారంటీ?" అన్నాడు రాజన్న. మా ఆయన లెంపలేసుకుని ముందుకెళ్లాడు, చెయ్యి సగంలో ఆగిపోయింది, తల్లి మొహం చూసి వెనక్కి వచ్చాడు. రాజన్నని అడిగితే రెండడుగులు వెనక్కేశాడు. "నా తోని కాదు సార్. గణపతిని పీకిన చెయ్యి మంచిగుంటదా?" కారు వెనక చక్రం కింద నీళ్లు కనిపించాయి. అల లేదు, చప్పుడు లేదు. నేల రంగు మారుతోంది, అంతే.

నాకు భయం వెయ్యలేదని చెబితే అబద్ధం. కానీ అత్తయ్యని నీళ్లకి వదిలేసి నడిచిపోవడం నా వల్ల కాదు. టైరు విప్పే కడ్డీ చదును మొన తీసుకుని, "తండ్రీ, తప్పయితే నా ఒక్కదాన్నే కొట్టు, వాళ్ల జోలికి పోకు" అనుకుని జిగురు కిందికి పోటు పెట్టాను. అత్తయ్య "అమ్మాయ్!" అని కేక పెట్టింది. టప్పున విడివడింది. రాయికి పెచ్చు కూడా పోలేదు, రబ్బరు మూత ఆయన అడుగుకి అంటుకునే వచ్చేసింది. చున్నీలో చుట్టి ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ నా మొహం చూడలేదు.

మా ఆయన కడ్డీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. ఎడమవైపు తిప్పితే కాలు పైకి వస్తుంది, కంగారులో ముందు కుడికి తిప్పి ఇంకాస్త దింపాడు మహానుభావుడు. ఆయన భుజం నొప్పెడితే నేను, నేను ఆయాసపడితే రాజన్న. చీలమండల దాకా నీళ్లొచ్చాక ఆ కాలు బురదని వదిలింది. అత్తయ్యని ముగ్గురం ఎత్తి కారులో కూర్చోబెట్టాం. నిన్నటి మా చక్రాల గాళ్లు ఇంకా నీళ్ల కింద లీలగా కనిపిస్తున్నాయి. నేను ముందు నడుస్తూ గాళ్లు చూపిస్తుంటే మా ఆయన వెనకే నడిపాడు. రాజన్నని ఎక్కమందామని వెనక్కి తిరిగితే లేడు. హారన్ కొట్టాం, పిలిచాం. "గంగా... ఓ గంగా..." అని మాత్రం వినపడింది, నీళ్లు వస్తున్న వైపునుంచి.

తారు రోడ్డు ఎక్కగానే ఉన్న చిన్న గ్రోసరీలో ఆగి, కొట్టు నడిపే మలయాళీ చేట్టాకి సంగతి చెప్పాం, ఎవరినైనా పంపించమన్నాం. ఆయన కంగారు పడలేదు. "రాజన్నా? ఉస్కో రాస్తా మాలూమ్ హై, ఆ జాయేగా. రోజ్ జాతా హై" అన్నాడు, దారి తెలుసట, రోజూ వెళ్లొస్తాడట. ఒంటె దొరుకుతుందా అని అడిగాను. ఆయన డబ్బాలు సర్దడం ఆపి నావైపు చూశాడు. గంగని లారీ గుద్దేసి నెల దాటిందట. దగ్గరుండి పూడ్చింది రాజన్నేనట. "ఒంటె కాళ్లన్నీ ఒకేలా ఉంటాయిలే, వేరేదేదో వచ్చుంటుంది" అన్నాడు మా ఆయన. ఆ వంకర అడుగు నేను కళ్లారా చూశాను.

ఇలాంటి చోట్లకి వెళ్లొద్దని నేను చెప్పను. ఆ సాయంత్రం సముద్రాన్ని చూసి అత్తయ్య మొహంలో కనిపించిన వెలుగు కోసం మళ్లీ వెళ్తాను, కాకపోతే తిథి చూసుకుని వెళ్తాను. ఏది నిజంగా నన్ను భయపెట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ అడుగులా, చప్పుడు లేని ఆ నీళ్లా, రాయి విడివడినప్పుడు వచ్చిన ఆ కేకా? ట్రైలర్ ఉన్నవాళ్లకి ఒక్క మాట: బండి కొన్న రోజే జాకీ నెత్తిమీద మూత తీసి, చేతి కడ్డీ పెట్టి, కాలు పైకీ కిందికీ ఒకసారి తిప్పి చూసుకోండి. పూజ చేసుకోండి, బొట్టు పెట్టుకోండి, ఆ మూత మీద మాత్రం ఏమీ అంటించకండి.

బనియాస్ చేరేదాకా అత్తయ్య నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కారు దిగేటప్పుడు నా చెయ్యి అందుకోదేమో అనుకున్నాను. అందుకుంది, వదల్లేదు. "నేను నా కొడుకు కోసం పెట్టాను. నువ్వు నాకోసం తీశావు. తప్పెవరిదో ఆయన్నే తేల్చుకోమను" అంది.