పక్క క్వార్టర్ పిల్లాడి బరువు గీత

మా అమ్మాయి, పక్క క్వార్టర్ పిల్లాడు ఒకే నెలలో పుట్టారు. ఎనభైల చివర్లో మేం ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను తెలుగు బడిలో టీచర్ని. ఆ పిల్లాడి తండ్రి రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. తల్లి నన్ను అక్కా అని పిలిచేది. నెలకోసారి ఇద్దరం పిల్లల్ని చంకనేసుకుని, బరువు చూపించడానికి ఒక బెంగాలీ డాక్టరు దగ్గరికి కలిసి వెళ్ళేవాళ్ళం.

ఆయన ప్రతి బిడ్డకూ ఒక అట్ట కార్డు ఇచ్చాడు. దాని మీద పైకి వంపు తిరుగుతూ పోయే గీతలు, ఒక్కో గీత చివర ఒక అంకె. బిడ్డను తూచి, వయసుకు ఎదురుగా చుక్క పెట్టేవాడు. పిల్లాడి చుక్క తొంభై గీత మీద పడింది. మా అమ్మాయిది ఇరవై ఐదు మీద పడింది. పరీక్ష పేపర్లు దిద్దే నా కళ్ళకు అది మార్కులాగే కనిపించింది. మా బడిలో ముప్పై ఐదు వస్తేనే గట్టెక్కినట్టు. నా కూతురు తప్పింది.

దానికి తోడు పక్కింటామెకు ఇంగ్లీషు రాదు. బయటికి రాగానే కార్డు నా చేతిలో పెట్టేది.

"అక్కా, మావోడికి ఎంతేసినాడో సదివి సెప్పవా?"

పరాయి బిడ్డ గెలుపును నెలనెలా నా నోటితో నేనే చదవాలి. వాడి తొడల మీది మడతలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాణ్ణి దించి మా అమ్మాయిని ఎత్తుకుంటే, చేతుల్లో ఏమీ లేనట్టుండేది.

వాడి నాయనమ్మ శ్రీకాకుళం వైపు మనిషి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే కాటుక తీసి వాడి బుగ్గ మీది చుక్కను ఇంకాస్త పెద్దది చేసేది.

"ఏమిటి పిన్నీ, నేనొచ్చినప్పుడే గుర్తొస్తుందా కాటుక?"

"నీకు దిష్టి మీద నమ్మకం నేదు గదా టీచరమ్మా. మరి నీకేటి నొప్పి?"

నేను దిష్టి లేదని తెలుగువాళ్ళ సభల్లో గొంతు చించుకున్నదాన్ని. చూపుకు బరువు తగ్గించే శక్తే ఉంటే గోల్‌బజార్‌లో ఒక్క చేప కూడా సరిగ్గా తూగదన్నాను, హాలంతా నవ్వింది. ఇప్పటికీ అదే మాట అంటాను. చూపుకు ఏ శక్తీ లేదు. కానీ నా చూపులో ఏముందో ఆవిడ సరిగ్గానే పోల్చుకుంది.

ఒకసారి ఉండబట్టలేక డాక్టర్ని అడిగాను, మా పాప ఎప్పటికి ముప్పై ఐదు దాటుతుందని.

ఆయన నవ్వాడు. "దీదీ, ఇవి మార్కులు కావు. ఇదే వయసు పిల్లల్ని వందమందిని బరువు ప్రకారం వరసలో నిలబెడితే, మీ పాప కన్నా తక్కువ బరువున్నవాళ్ళు పాతిక మంది ఉంటారు. అంతే. ఎవరో ఒకరు ఆ చోట ఉండాలి కదా? తన గీత పట్టుకుని పైకి పోతోందా లేదా అన్నదే చూడండి."

తర్కం బుర్రకు ఎక్కింది. అసూయ మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

పిల్లలకు ఎనిమిదో నెల దాటాక, డాక్టరు సెలవులో ఉన్నప్పుడు కాంపౌండరే తూచి చుక్కలు పెట్టాడు. కార్డు చదవబోయి ఆగిపోయాను. తొంభై మీద ఉండే పిల్లాడి చుక్క అంతకు ముందు నెల డెబ్బై ఐదుకు జారింది. ఇప్పుడు యాభైకి వచ్చింది. ముందు నాకు సంతోషమే కలిగింది. ఇల్లు చేరేసరికి భయం పట్టుకుంది. మా అమ్మాయి తన గీత మీద తాను పోతోంది. వాడు గీతలు దాటి కిందికి దిగుతున్నాడు.

కారణం నాకు తెలుసు. వాడికి ఇంకా పాలు తప్ప ఏమీ పెట్టడం లేదు. అన్నప్రాశన ఊళ్ళో అమ్మవారి దగ్గరే చేస్తామని మొక్కు. ఊరెళ్ళాలంటే తండ్రికి సెలవూ, రైల్వే పాసూ రెండూ కావాలి. పాస్ చేతికొచ్చినప్పుడు సెలవు లేదు. సెలవు దొరికేసరికి పాస్ గడువు తీరింది. రెండూ కలిసేదాకా వాడి నోట్లో మెతుకు పడకూడదు.

డాక్టరు తిరిగొచ్చాడని తెలిసిన రోజు పక్కింటికి వెళ్ళి చెప్పాను. "వీడి బరువు గీత దిగిపోతోంది. వెంటనే చూపించండి."

నాయనమ్మ లేచింది. "మావోడు ఇప్పటికీ మీ పాప కన్నా బరువే. నీ కడుపుమంట మాకు తెల్దేటి?"

"అత్తా, ఊరుకో" అంది కోడలు.

నా మాట నిజం. నా కడుపుమంటా నిజమే. ఆవిడకు రెండోదే కనిపిస్తోంది.

"నీ కళ్ళు పడ్డకాడ్నించే బిడ్డ సిక్కిపోతన్నాడు!"

"అంటే చిక్కిపోతున్నాడని మీరూ చూశారన్నమాట" అన్నాను.

ఆవిడ పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని వాడి తొడలు తడిమి చూసింది. తర్వాత అంది, "అయితే నీ కాలికింద మట్టి ఇచ్చీ. దిష్టి తీసి అప్పుడు ఎల్తాను."

"ఈ పూటే వెళ్ళాలి."

"ఠీక్ హై. ఈ పూటే."

పాదం ఎత్తాను. ఆ మట్టి గీకుతుంటే నా రక్తం ఉడికిపోయింది. ఉప్పూ మిరపకాయలూ కలిపి పిల్లాడి చుట్టూ తిప్పి బొగ్గుల కుంపట్లో వేసింది. అంతే, ఇల్లంతా దగ్గు.

"పిన్నీ, దిష్టి ఉంటే ఘాటు రాదంటారు కదా? మీ లెక్క ప్రకారమే నా కళ్ళకు ఏ పాపం తెలియదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ కోడలి వైపు తిరిగింది. "సూస్తావేటే, రిక్షా పిలు!"

డాక్టరు వాడి కనురెప్పలు తిప్పి చూశాడు. పాలిపోయాయి. ఏం పెడుతున్నారని అడిగి, తల పట్టుకున్నాడు. రక్తం పట్టడానికి చుక్కల మందు రాసి, ఈ రోజు నుంచే అన్నం పప్పు మెత్తగా మెదిపి పెట్టమన్నాడు.

"మరి అమ్మోరు?" అంది నాయనమ్మ.

"ఊరెళ్ళినప్పుడు అమ్మవారికి పెట్టండి మాషీమా. అందాకా వీడికి పెట్టండి."

ఆ నెల నుంచి వాడి గీత జారడం ఆగింది, మెల్లగా పైకీ తిరిగింది. కానీ నాకు బాగా గుర్తున్నది డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే. నాయనమ్మ స్వయంగా మొదటి ముద్ద పెట్టింది. వాడు మింగి, పక్షి పిల్లలా నోరు తెరిచాడు. గిన్నె ఖాళీ చేసి ఇంకా కావాలని ఏడ్చాడు. మా అమ్మాయికి ఒక్క ముద్ద తినిపించాలంటే వరండా అంతా తిరగాలి, కాకుల్ని చూపించాలి, చివరికి అది నా చీర మీదే ఊసేది. వాడు తినాలనే కదా నా కాలి మట్టి ఇచ్చాను! అయినా వాడు రెండో గిన్నె మొదలుపెట్టేసరికి చూడలేక, మా అమ్మాయిని తీసుకుని ఇంటికొచ్చేశాను.