పెట్రోలు తలుపు మీది గీత

నా చేతిరాత కోడి గీకినట్టుంటాది. అయిదో తరగతితో బడి మానీసినోణ్ణి, తప్పులుంటే మన్నించండి. ఈ కాగితం ఊళ్లో చేతులు మారాలనే రాస్తన్నాను. నౌపడ రోడ్డులో కార్లు బాగుచేసే మేస్త్రి మొన్న బుధవారం పోయేడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవోడు.

నాలుగేళ్ల కిందట, దసరా మర్నాడు, మా అబ్బాయి కారుకి పెట్రోలు పోసే చోటుండే చిన్న తలుపు తెరుచుకోలేదు. సీటు పక్కన మీట లాగితే టక్కుమంటాది గానీ తలుపు కదల్దు. అబ్బాయి ఇంట్లో లేడు. నేనే స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తబోయేను. రంగు లేచిపోయి వేలెడు గీత పడ్డాది. భయమేసి కబురెడితే మేస్త్రి సైకిలు మీద వచ్చేడు.

పనిముట్టు పట్టకముందే బండి మీద అరచెయ్యి ఆనించడం ఆయన అలవాటు, పిల్లలకి జ్వరం చూసినట్టు. "బండే సెప్తాది బావా, మనం ఇనాల" అనేవోడు. ఆ రోజూ చెయ్యి ఆనించి, నన్ను మీట లాగమన్నాడు.

"తీగ తెగలేదు. కొక్కెం వెనక్కొస్తన్నాది. తలుపే అంటుకుపోనాది. మళ్లీ లాగు."

నేను లాగేను. ఆయన తలుపుని లోపలికి నొక్కి వదిలేడు. టప్పున తెరుచుకున్నాది. అంచు చుట్టూ పచ్చగా, గట్టిగా పెచ్చు. పూజలో నేను దట్టంగా మెత్తిన పసుపూ గంధమూ సందులోకి కారి ఎండిపోయేయి.

"ఏటి బావా, బండికి నలుగెట్టీసినావా? బొట్టెడితే సాల్దేటి!"

నవ్వుతూనే తడిగుడ్డతో తుడిచి, కొక్కేనికి నూనె రాసేడు. గీత చూసేడు. నా చేతిలో స్క్రూడ్రైవరూ చూసేడు. గుడ్డ మడిచి సైకిలుకి తగిలించేడు.

అంతలో అబ్బాయి వచ్చేడు. "ఈ గీత ఎవులెట్టినారు?" అన్నాడు.

"మేస్త్రే తలుపు తీసినాడు మరి" అన్నాను నేను.

మేస్త్రి ఒక్కసారి నాకేసి చూసి, "సెయ్యి జారిపోనాది బాబూ" అన్నాడు.

మావోడు కోపిష్టి. ఆ మాట ఊరంతా చెప్పేడు. కొత్త కార్లవాళ్లు ఆయన షెడ్డుకి వెళ్లడం మానీసేరు. టీ కొట్టు దగ్గర కనబడితే ఆయన, "తలుపు తెరుసుకుంటందా బావా?" అనేవోడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగేవోడు. నిజం రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ నాలుగేళ్లు సిగ్గుతో గడిపీసేను.

మేస్త్రి పోయేక పలకరింపుకి వెళ్తే ఆయన భార్య అంది: "అన్నయ్యా, ఆయన సెయ్యి ఏనాడూ జారలేదు. ఆ ఒక్కసారి ఎలా జారిందో మరి."

అక్కడా నిజం దాచి లేచొచ్చేను. ఇంటికొచ్చి అబ్బాయికి చెప్పీసేను. ఈ కాగితం ముందు ఆవిడకే చదివి వినిపిస్తాను. తరవాతే మీకు.

పొద్దున్న ఆ తలుపు మీద, ఆయనలాగే, అరచెయ్యి ఆనించేను. గీత తగిలింది. మీట లాగితే తెరుచుకున్నాది. మడతబందు మూల ఇంకా చిటికెడు పసుపుంది.

నా మాట నమ్మి ఆయన్ని వదులుకున్నవాళ్లు మీలో ఉంటే, ఆయన చెయ్యి జారలేదని ఆవిడకి ఒక్క ముక్క రాయండి. పెద్దకర్మ లోపల, బేగి రాయండి.