ఎడమ మోకాలు

ఫారంలో ‘పాత గాయాలేమైనా ఉన్నాయా?’ అని ఒక గడి ఉంది. ఈశ్వరయ్య అందులో ‘లేవు’ అని రాశాడు. పద్నాలుగేళ్లుగా అందరికీ అదే మాట చెబుతూ వస్తున్నవాడికి రాయడం ఒక లెక్కా!

రాజంపేట దగ్గర పుట్టి, బెంగుళూరులో ఒక క్లబ్బుకు జీతం మీద ఆరేళ్లు హాకీ ఆడి, మోకాలు చెడగొట్టుకుని కువైట్ చేరిన మనిషి. షువైఖ్‌లో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. ఇన్నాళ్లకు ఫింటాస్‌లోని ఒక హాకీ అకాడమీ పాత ప్రొఫెషనల్ ఆటగాళ్ల కోసం వెతికింది. పిల్లలకు ఆట నేర్పాలి, మంచి ఆటగాళ్లను ఏరి పట్టుకోవాలి. ఉద్యోగం వస్తే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, మార్చుకోవడానికి దాన్ని ఇప్పించిన యజమాని కఫీల్ కూడా ఒప్పుకున్నాడు. మళ్లీ మైదానంలో నిలబడాలి, ఈశ్వరయ్యకు అదొక్కటే కావాలి.

శుక్రవారం సాయంత్రం పరీక్ష. మేనేజర్ సత్యప్రసాద్ అతన్ని గ్యాలరీ పైమెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“కింద ఆడుతున్నవాళ్లలో ఒక్కణ్ణి ఎంచండి. వచ్చే వారం టోర్నీలో వాణ్ణి దించుతాం. మీ కన్ను ఎలాంటిదో దాన్నిబట్టి తెలిసిపోతుంది.”

అరగంటకే తేలిపోయింది. అమలాపురం నుంచి వచ్చి గ్యారేజీలో మెకానిక్కుగా చేస్తున్న వీరేంద్ర ముందు మిగతావాళ్లంతా దిగదుడుపే. సత్యప్రసాద్ చూపు కూడా అతని మీదే ఉంది. ఆ పేరు చెప్పేస్తే ఉద్యోగం చేతికొచ్చినట్టే.

అప్పుడే వీరేంద్ర బంతి ఆపడానికి వంగాడు. లేచేటప్పుడు స్టిక్‌ను నేలకు ఊతం పెట్టుకున్నాడు. ఈశ్వరయ్య ముందుకు వంగి చూశాడు. ఇంకోసారి వంగినప్పుడూ అంతే. విరామంలో అందరూ బెంచీల మీద కూలబడితే అతనొక్కడూ నిలబడే నీళ్లు తాగాడు. కూర్చుంటే వెంటనే లేవలేడు కదా మరి! ఈ నాటకం ఈశ్వరయ్య ఎరగనిదా? రెండు నెలలు కోచ్ కళ్లుగప్పి, మూడో నెలలో ఆటకే దూరమైన ఘనుడు తను.

నీళ్ల నెపంతో, పళ్లు బిగబట్టి, మెట్లన్నీ మామూలుగా దిగి వీరేంద్ర దగ్గరికి వెళ్లాడు.

“నొప్పి ఎన్నాళ్ల నుంచి అబ్బీ?” అన్నాడు మెల్లగా.

వీరేంద్ర మొహం పాలిపోయింది. “చెప్పకండి అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ టోర్నీ ఆడేత్తే ఇక్కడే ఉజ్జోగం ఇత్తామన్నారండి. గ్యారేజీ చాకిరీ తప్పిపోద్దండి.”

ఈశ్వరయ్య వెనక్కి తిరిగాడు. మళ్లీ మెట్లెక్కాడు. నోరు మూసుకుంటే ఇద్దరికీ ఉద్యోగాలే. నోరు విప్పితే, నీకెలా తెలుసని అడక్క మానరు.

“ఎవరండీ మరి?” పెన్ను పట్టుకుని అడిగాడు సత్యప్రసాద్.

“వీరేంద్రే సార్. వాన్ని మించినోడు లేడు.” ఈశ్వరయ్య మైదానం వైపు చూశాడు. “కానీ ఇప్పుడు దించగాకండి. ఎడమ మోకాలు పోతాండాది. ముందు స్కాన్ తీపీండి.”

“మా ఫిజియో నిన్ననే చూశాడు, ఏమీ లేదన్నాడు. ఇంత దూరం నుంచి మీకెలా తెలిసింది?”

ఈశ్వరయ్య ప్యాంటు ఎడమ కాలు పైకి మడిచాడు. బిగించి కట్టిన పట్టీ విప్పాడు. మోకాలు వాచి, ఒక పక్కకు ఒరిగి ఉంది.

సత్యప్రసాద్ ఆ మోకాలిని చూశాడు. ఫారంలోని ‘లేవు’ను చూశాడు.

“దీంతో మీరు పిల్లల వెంట పరిగెత్తలేరు. పైగా అబద్ధం రాశారు. ఖలాస్, నేనేం చేయలేను.” ఫారం మడిచి, “కుర్రాడికి స్కాన్ తీయిస్తాను. మీరన్నదే నిజమైతే వైద్యం చేయించి, నయమయ్యేదాకా చోటు ఉంచుతాను” అన్నాడు. వీరేంద్రను ఆటలోంచి బయటికి పిలిపించాడు.

ఈశ్వరయ్య లేచాడు. ఇక ఎవరికోసం దాచాలి? రెయిలింగు పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ దిగసాగాడు.

కింద వీరేంద్ర స్టిక్‌ను పిడికిట బిగించి, నాలుగూ దులిపేయడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆ దిగడం చూశాక అతని పిడికిలి సడలింది.

“మీదీ ఎడమదేనాండీ?” అన్నాడు.

“ఊ.”

“వైద్యం చేయించుకున్నా తగ్గలేదాండీ?”

“చేపిచ్చుకోలే అబ్బీ. నొప్పుందని ఎవురికీ చెప్పలే.”

వీరేంద్ర చేతిలోని స్టిక్‌ను కింద పడేసి, రెండు మెట్లెక్కి భుజం అందించాడు.