గుడివాడ గేటుకి అడ్డంగా

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, టాక్సీగా తిప్పుదామని గుడివాడలో పాత కార్లమ్మే ఒకాయన దగ్గర నల్లకారు కొన్నాను. బందరులో మా ఇంటిల్లిపాదీ కొట్లవాళ్ళమే. కందిపప్పు నోట్లో వేసుకుని పాతదో కొత్తదో చెప్పే మనుషుల మధ్య పెరిగాను. నేను వెళ్ళేసరికే కారు ఇంజను నడుస్తోంది. గంటసేపు బేరమాడినా ఆయన ఆపలేదు. పెట్రోలు ఆయనదే కదా కాలుతోంది అని లోలోపల మురిసిపోయాను. అంత తెలివితక్కువ మురిపెం నేను మళ్ళీ ఎరగను.

మర్నాడు కారు స్టార్ట్ కాలేదు. మా వీధి మెకానిక్ సాయిబుగారు లారీ బ్యాటరీ తెచ్చి వైర్లు తగిలిస్తే లేచింది. వైర్లు తీయగానే చచ్చింది. మళ్ళీ తగిలిస్తే మళ్ళీ అంతే. ఆయన డైనమో విప్పి చూపించారు. రాగితీగల నిండా పచ్చటి చిలుము, మూలల్లో ఒండ్రు.

"బ్యాటరీకి కరెంటు పెట్టాల్సింది ఇదేనండీ. ఉప్పునీళ్ళు తాగేసింది. దివిసీమలో మునిగిన బండికి రంగేసి మీకు అంటగట్టాడు. ఛార్జి చేసిన బ్యాటరీ పెడితే రెండు గంటలు నడుస్తుంది, అంతే."

"నీకే అమ్మాడంటే మహానుభావుడ్రా! ఒక్కసారి చూపించు, కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటా" అన్నాడు మా మావయ్య. బజారంతా నవ్వింది. ఆ గుడివాడాయన ముఖం కూడా పరాయివాళ్ళ ముందు అలాగే మాడిపోతే తప్ప నాకు అన్నం సయించదనిపించింది.

సాయిబుగారు ఆ పాడైన డైనమోనే తిరిగి బిగించి, ఛార్జి చేసిన బ్యాటరీ అరువిచ్చారు. తెల్లవారగానే బయల్దేరి గుడివాడాయన గేటుకి అడ్డంగా కారు ఆపాను. మంచి బ్యాటరీ తీసి డిక్కీలో దాచి, చచ్చినదాన్ని బిగించాను. ఇంతలో కారు కొనడానికి ఒక పెద్దాయన రిక్షా దిగారు.

"బావగారూ, బోణీ వేళ! కాస్త పక్కకి తియ్యండి" అన్నాడు గుడివాడాయన.

"కదలదండీ. మీరమ్మిన సరుకేగా, నెట్టించండి. పెద్దాయన కూడా చూస్తారు."

ఆయన కంగారుగా లారీని పిలిపించి వైర్లు తగిలించాడు. ఇంజను లేచింది.

"చూశారా, గుర్రం!"

వైర్లు తీశాడు. ఆగిపోయింది. అలా మూడుసార్లు.

"వైరు తీస్తే ఎందుకు ఆగిపోతోందయ్యా?" అన్నారు పెద్దాయన.

"నన్నేం చూస్తారు? ఆయన్నే అడగండి" అన్నాను.

గుడివాడాయన ఒళ్ళు మండి నా మీదికి తిరిగాడు. "ఉప్పునీళ్ళు తాగిన డైనమో ఇంకెలా ఉంటుందయ్యా? నువ్విచ్చిన రేటుకి విమానం వస్తుందా?"

పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "మాది నాగాయలంక. ఆ నీళ్ళు ఎవరెవరిని తీసుకుపోయాయో నాకు తెలుసు. వాటిల్లో తేలినదానికి రంగేసి అమ్ముతున్నావా?" అని అదే రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు.

గుడివాడాయన మరో కారు డైనమో ఊడదీసి నా కారుకి బిగించాడు. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. తర్వాత మూడు రోజులూ టాక్సీ ఇంటి దగ్గరే వదిలి, మొదటి బస్సుకే గుడివాడ వెళ్ళి, ఆయన గేటు తీయగానే దూరి, ప్రతి కారు ధరా అడిగి, పెదవి విరిచి, ఏమీ కొనకుండా వచ్చేశాను. నాలుగో రోజు నన్ను చూడగానే ఆయన గేటు మూసుకున్నాడు. ఆ నాలుగు రోజులూ నా టాక్సీకి బోణీయే లేదు. అయినా ఆ నష్టాన్ని ఒక్క పైసా తగ్గించకుండా మళ్ళీ కొనుక్కుంటాను.